మట్టిదొరసాని ఇంటి బల్ల

లిండెల్వా ముంగిట్లో చాప మీద కూర్చుని దంచిన మొక్కజొన్నల్లో రాళ్ళు ఏరుతుంటే గేటు ముందు ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. ఆ లోయలో మిట్టమధ్యాహ్నం కారు ఆగిందంటే చావు కబురైనా అయుండాలి, దారి తప్పినవాళ్ళైనా అయుండాలి. దిగినావిడ తెల్లావిడ, యాభై ఏళ్ళుంటాయి. కోళ్ళని తప్పించుకుంటూ మెల్లగా నడిచొచ్చింది.

"లిండెల్వా అంటే మీరేనా? నా పేరు క్లేర్. మర్టిల్ మా మేనత్త," అంది ఇంగ్లీషులో.

లిండెల్వా ఒళ్ళోని పళ్ళెం పక్కన పెట్టింది. చావు కబురే అనుకుంది.

"పోయిందా?"

"లేదు లేదు. ఉంది. కానీ..." అంది క్లేర్. "అత్తయ్య ఇంగ్లీషు మర్చిపోయింది. ముందు పేర్లు మర్చిపోయింది, తర్వాత మనుషుల్ని. ఈ చలికాలం మొదలైనప్పట్నుంచీ నోట్లోంచి ఒక్క ఇంగ్లీషు ముక్క రావడం లేదు. రోజంతా మీ ఖోసా భాషే. చిన్నప్పుడు పొలంలో పనివాళ్ళ దగ్గర పెరిగింది కదా, ముందు నేర్చుకున్నదే చివరిదాకా మిగులుతుందన్నాడు డాక్టరు. నాకు అర్థం కాదు. నేను పెట్టిన నర్సుకీ రాదు. ఏం కావాలో చెప్తుంది, మేం తెల్లమొహాలు వేసుకుని నిలబడతాం, ఏడుస్తుంది." మళ్ళీ అంది, "పైన కొండ మీద ఊళ్ళో ఎవర్నడిగినా మీ పేరే చెప్పారు. మర్టిల్‌కి ప్రాణస్నేహితురాలంటే లిండెల్వా ఒక్కతే అన్నారు."

ఆ మాట లిండెల్వా మనసులోకి వేడి టీలా దిగింది. దాచుకుందామనుకున్నా మొహంలో దాగలేదు.

లోపల్నుంచి ఆమె కూతురు జిఖోనా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆలిస్ పట్నంలో మునిసిపాలిటీ ఆఫీసులో పని ఆ పిల్లకి. నోరు కత్తి.

"ఏంటమ్మా, ఏమంటోంది?" అంది ఖోసాలో.

"పైకి రమ్మంటోంది. మర్టిల్‌కి బాగాలేదట."

"జీతానికా?"

"నోర్ముయ్. స్నేహితురాలిగా."

"అట్లాగా! మరి స్నేహితురాళ్ళు ఒళ్ళు తుడవాలా, పక్కబట్టలు కూడా ఉతకాలా? అది కూడా అడుగు."

క్లేర్ ఇద్దరి వైపూ చూసి, ఏదో మంచిమాటే అనుకుని నవ్వింది.

లిండెల్వా అదే కారులో బయల్దేరింది.

రోడ్డు మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంటే, అడవి మొదలయ్యే చోట దించిన అద్దంలోంచి ఎప్పటి చల్లగాలే తగిలింది. హాగ్స్‌బ్యాక్ ఊరు అడవి నెత్తి మీద ఉంటుంది. లోయలో వాళ్ళకి దాని పేరుతో పని లేదు. పైన అంటే అదే.

లిండెల్వా మొదటిసారి పైకెళ్ళింది కొత్తకోడలుగా ఉన్నప్పుడు. మొగుడు జొహానెస్‌బర్గ్ బంగారు గనుల్లో ఉండేవాడు. ఏడాదికోసారి వచ్చి, ఒక పిల్లనో పిల్లాడినో కడుపులో పెట్టి పోయేవాడు. మిగతా కాలమంతా ఆమె అత్తగారి సొత్తు. తలగుడ్డ కనుబొమల దాకా దించాలి. భుజాల మీద శాలువా జారకూడదు. కోడి కుయ్యకముందే పొయ్యి రాజెయ్యాలి. మామగారి పేరు పలకకూడదు సరే, ఆ పేరులో వినపడే ఏ మాటా కూడా పలకకూడదు. ఆ పేరులో నీళ్ళ మాట ఉంది. అందుకని ఆ ఇంట్లో లిండెల్వా నీళ్ళని నీళ్ళు అనకుండా "తడి" అనేది. వాగునుంచి తడి తెచ్చేది, తడి కాచేది, తడి తాగేది.

ఆమె పిన్ని ఒకావిడ పచ్చిమట్టితో గుర్రాలూ పందులూ చేసి, శనివారాలు పైన రోడ్డు పక్కన పెట్టి వచ్చేపోయేవాళ్ళకి అమ్మేది. మోసుకెళ్ళడానికి మనిషి కావాలని లిండెల్వాని అడిగింది. వచ్చేటప్పుడు చక్కెరా సబ్బూ తెస్తుందని అత్తగారు ఒప్పుకుంది. అప్పట్లో నల్లవాళ్ళుండే కింద లోయ ఒక దేశమట, తెల్లవాళ్ళుండే పైన కొండ ఇంకో దేశమట. ఆ గీత ఎవరు గీశారో కానీ, అడవి దారిన నడిచే ఆడవాళ్ళ కాళ్ళకి అది ఎప్పుడూ అడ్డం తగల్లేదు.

ఆ మొదటి శనివారమే వాన పట్టుకుంది. గడ్డి మీద వరసగా నిలబెట్టిన గుర్రాలు కాళ్ళు కరిగి ఒక్కొక్కటే ముందుకి తూలుతున్నాయి. పిన్ని గుండెలు బాదుకుంటోంది. ఇంతలో ఎదురింట్లోంచి ఒక తెల్లావిడ, కాళ్ళకి చెప్పుల్లేవు, మోచేతులదాకా మట్టి, టార్పాలిన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"చూస్తారేంటే, నిలువునా కుంటివైపోతున్నాయి! లోపలికి పట్టండి!"

అంది ఖోసాలో. పశువులు కాసేవాళ్ళు మాట్లాడే ఖోసా, వాళ్ళ బూతులతో సహా.

ఆవిడే మర్టిల్. కుండలు చేసేది. ఇంటి వెనక సారె, కుండలు కాల్చే ఆవం. లోయవాళ్ళు అప్పటికే ఆమెని మట్టిదొరసాని అనేవాళ్ళు. మిగిలిన గుర్రాల్ని తన ఆవంలో కాల్చి ఇస్తానంది. సగం పగిలాయి. మిగతా సగం వానకి కరగని గుర్రాలయ్యాయి. అప్పట్నుంచి ప్రతి శనివారం లిండెల్వా పైకెళ్ళడం అలవాటైంది.

ఆ ఊరి తీరే వేరు. మట్టీ గడ్డీ కలిపి చేత్తో మెత్తి కట్టుకున్న ఇళ్ళు, గోడల్లో సీసా అడుగులు అతికించిన కిటికీలు. ఒకడు బొమ్మలు వేస్తాడు, ఒకతి ఉన్ని నేస్తుంది, ఒకడు కొవ్వొత్తులు పోస్తాడు, ఇంకొకడు ఏమీ చెయ్యడు, గిటారు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటాడు. జడలేసుకున్న మగవాళ్ళు రొట్టెపిండి పిసుకుతుంటే, ప్యాంట్లేసుకున్న ఆడవాళ్ళు కట్టెలు కొట్టేవాళ్ళు. ఇంట్లోకి మంచు కూడా పిలవని చుట్టంలా తలుపు తోసుకొచ్చి పొయ్యి దగ్గర కూర్చునేది. నువ్వెవరి కోడలివి, ఎవరి పెళ్ళానివి అని అక్కడ ఎవరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నాలు పదిమందీ చేరి పసుపురంగు అడవి చెక్కతో చేసిన పొడుగాటి బల్ల చుట్టూ తినేవాళ్ళు. లిండెల్వా నేల మీద కూర్చోబోతే మర్టిల్ చెయ్యి పట్టుకుని లేపి, తన కుడిపక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చోబోతే, "అది లిండెల్వాది, లే," అనేది. ఒకసారి పోలీసులు జీపేసుకొచ్చి, బల్ల దగ్గర ఈ నల్లమ్మాయి ఎందుకుందని అడిగితే, "నాకు పాఠాలు చెప్పే పంతులమ్మ. మీరూ నేర్చుకుంటారా?" అంది మర్టిల్.

"ఏం తాగుతావు లిండెల్వా?"

"తడి చాలు."

మర్టిల్‌కి ఒక్క క్షణంలో అర్థమైంది. పగలబడి నవ్వింది. "ఇక్కడ నీళ్ళని నీళ్ళే అనొచ్చే తల్లీ! మధ్యలో ఇంత అడవీ ఇంత మంచూ ఉంటే మీ మామకెట్లా వినపడుతుంది?"

లిండెల్వా తలుపు వైపు చూసింది. తలగుడ్డ కొంచెం వెనక్కి జరుపుకుంది. "నీళ్ళు," అంది మెల్లగా. తర్వాత గట్టిగా, "నీళ్ళు! నీళ్ళు!" అంది. బల్ల చుట్టూ వాళ్ళు విషయం తెలియకపోయినా చప్పట్లు కొట్టారు. దిగొచ్చేటప్పుడు దారంతా ఆమెకి నవ్వు ఆగలేదు. పిన్ని పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

అట్లా ఇరవై ఏళ్ళు. మొగుడు గనుల దుమ్ము ఊపిరితిత్తుల్లో నింపుకుని ఇంటికొచ్చి చనిపోయినప్పుడు, మర్టిల్ కిందకొచ్చి ఆడవాళ్ళతోపాటు చాప మీద కూర్చుంది. తెల్లా నల్లా అందరికీ ఓట్లొచ్చిన ఏడాది ఇద్దరూ ఒకే వరసలో నిలబడ్డారు. తర్వాత లిండెల్వాకి బడిలో వంటపని దొరికింది, శనివారాలు తగ్గాయి. తర్వాత మోకాళ్ళు మొరాయించాయి. ఏటా క్రిస్మస్‌కి మర్టిల్ ఫోను చేసేది. ఈమధ్య అదీ రావడంలేదు. ఎవరైనా, నీ బతుకులో సుఖపడ్డది ఎప్పుడే అని అడిగితే, లిండెల్వా పిల్లలు పుట్టిన రోజుల కంటే ముందు ఆ శనివారాలే చెప్పేది.

కారు ఆగింది. ఇల్లు అదే. తోటలో చెట్లు పెరిగి చీకటి చేశాయి.

మర్టిల్ ఎండ పడే గదిలో మంచం మీద ఉంది. పిట్టంత అయిపోయింది. లిండెల్వా గుమ్మంలో నిలబడగానే ఆమె మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. రెండు చేతులూ చాచింది.

"జోయినీ! ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ? నాకు ఎవరూ జడెయ్యలేదు!"

లిండెల్వా దగ్గరికెళ్ళింది. మర్టిల్ ఆమె నడుం చుట్టూ చేతులేసి, గౌనులో మొహం దాచుకుని, గట్టిగా వాసన పీల్చింది.

"గుర్తుపట్టింది!" క్లేర్‌కి కళ్ళ నీళ్ళొచ్చాయి. "ఏమంటోంది?"

"ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావంటోంది," అంది లిండెల్వా. జోయినీ సంగతి చెప్పలేదు. ముసలితనం, పేర్లు కలిసిపోవడం మామూలే అనుకుంది.

మధ్యాహ్నం క్లేర్ బల్ల మీద సూపూ రొట్టే పెట్టి, మర్టిల్‌ని నడిపించుకొచ్చింది. లిండెల్వా ఎప్పటిలాగే కుడిపక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కుర్చీ మీది నేతగుడ్డ మారింది కానీ కుర్చీ అదే.

మర్టిల్ మొహం పాలిపోయింది.

"లే! లే జోయినీ! అక్కడ కూర్చోకు!" గొంతు తగ్గించి, గుమ్మం వైపు చూస్తూ, "నీ పళ్ళెం వెనక మెట్టు మీద ఉంది కదా. నీ గ్లాసు కూడా అక్కడే ఉంది. పో, త్వరగా పో. అమ్మ చూస్తుంది!"

లిండెల్వా చేతిలో చెంచా అక్కడే ఆగిపోయింది.

ఆ పళ్ళెం ఏదో ఎవరూ ఆమెకి చెప్పక్కర్లేదు. ఆమె తల్లి ఒక పొలంలో దొరల వంటింట్లో పనిచేసింది. పనివాళ్ళకని వేరే పెట్టిన అంచులు ఊడిన ఎనామిల్ పళ్ళెం, రేకు గ్లాసు, వెనక గుమ్మం పక్క గూట్లో, కుక్క గిన్నెకి పైన. కానీ ఈ ఇంట్లో ఆమె అట్లాంటిది ఎన్నడూ చూడలేదు. అందుకే ఈ ఇల్లు ఈ ఇల్లయింది.

"ఏమంటోంది?" అంది క్లేర్.

"ఆకలి లేదంటోంది."

ఆ పూట మర్టిల్ నిజంగానే ఏమీ తినలేదు. లిండెల్వా కుర్చీలో ఉన్నంతసేపూ వణుకుతూనే ఉంది. లిండెల్వా కూడా తినలేదు.

సాయంత్రం తోటలోకి పోయి కూతురికి ఫోను చేసింది. చెప్పకూడదనుకుంటూనే చెప్పింది.

జిఖోనా అంది, "ఇరవై ఏళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి చివరికి మెట్టు చూపించింది. కుర్చీ పైపైన అమ్మా. లోపల ఉన్నది మెట్టే."

"అది జబ్బుతో అన్నమాట."

"జబ్బు కొత్తవి పుట్టిస్తుందా? ఉన్నవే బయటేస్తుంది. వచ్చెయ్ అమ్మా. రేపు పొద్దున్నే బండి పంపిస్తా."

లిండెల్వా ఫోను పెట్టేసింది. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఆమెకీ సరిగ్గా తెలియదు. కొంత జాలి. కొంత, ఈ ముసల్దాని నోటితో తన పేరు ఒక్కసారి వినకుండా కొండ దిగకూడదన్న పంతం.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. బల్ల దగ్గర ముద్ద ముట్టదు. మంచం దగ్గరికి తెస్తే మొహం తిప్పుకుంటుంది. "నీ పళ్ళెంలోది పెట్టు, మెట్టు మీద కూర్చుందాం," అంటుంది. క్లేర్ ఏమంటోందని అడిగినప్పుడల్లా లిండెల్వా ఏదో ఒకటి అల్లి చెప్తోంది. కడుపునొప్పి అంటోంది. చలేస్తోందంటోంది. ఇద్దరు తెల్లవాళ్ళ మధ్య నిలబడి, ఒకరి మాటలు ఇంకొకరికి దాచిపెడుతూ అలిసిపోయింది.

మూడోనాడు ఓపిక తెగింది. క్లేర్ ఊళ్ళోకెళ్ళిన సమయం చూసి, లిండెల్వా మర్టిల్‌ని బల్ల దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టి, తనూ కుర్చీలో కూర్చుని, బల్ల మీద చేత్తో కొట్టింది.

"చూడు నా వైపు. నేను జోయినీని కాదు. లిండెల్వాని. నన్నీ కుర్చీలో కూర్చోబెట్టింది నువ్వు. పోలీసులొస్తే లేవొద్దన్నది నువ్వు. ఇప్పుడు ఎవరికి భయపడి లేవమంటున్నావు? మీ అమ్మ చచ్చి యాభై ఏళ్ళయింది! నేను లేవను!"

మర్టిల్ చిన్నపిల్లలా బావురుమంది. కుర్చీ దిగి బల్ల కిందకి దూరబోయింది. లిండెల్వా కంగారుగా పట్టుకుంటే, ఆ ఏడుపులోనే మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

"నేనే పిలిచానమ్మా... జోయినీ రానంది... నేనే చెయ్యి పట్టుకుని లాగాను, నా పక్కన కూర్చోమని... దాన్ని కొట్టొద్దు... మూట కట్టుకుంటోంది అమ్మా, దాన్ని పొమ్మనొద్దు... జోయినీ! వెనక్కి చూడు! జోయినీ!"

లిండెల్వా ఆమెని ఒళ్ళోకి తీసుకుని నేల మీదే కూలబడింది. విషయం అంతా అప్పటికి తెలిసొచ్చింది. ఏ ఏడేళ్ళ వయసులోనో, దొరల బల్ల దగ్గర, తనని పెంచిన పనిమనిషిని పక్కన కూర్చోబెట్టుకుంది ఈ పిల్ల. తల్లి చూసింది. ఆ రోజే జోయినీ మూట కట్టుకుని గేటు దాటింది.

కోపం పోయింది. కానీ దాని చోట్లోకి వచ్చింది ఊరట కాదు. చేదుగా నవ్వొచ్చింది లిండెల్వాకి. "అది లిండెల్వాది, లే," అనేది కదా అందరితో. ఆ కుర్చీ ఎవరికోసం ఖాళీగా ఉంచుకుందో మర్టిల్‌కి తెలుసా? తెలిసే, దొరికిన నల్లమ్మాయిని తెచ్చి కూర్చోబెట్టిందా? మరి ఆ నవ్వులు? ఆ నీళ్ళ మాట? అవి ఎవరితో? ఎన్నడూ చూడని, ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన ఆ జోయినీ మీద లిండెల్వాకి అసూయ పుట్టింది. అసూయ పడ్డందుకు సిగ్గేసింది.

మర్టిల్‌కి తినిపించక తప్పదు. లిండెల్వా వంటింట్లో పళ్ళెంలో కొంచెం గంజి పోసుకుని వెనక తలుపు దాకా వెళ్ళింది. బయట రెండు రాతి మెట్లు. వీధిలో కొవ్వొత్తులు పోసే ముసలాయన పోతూ చెయ్యూపాడు. లిండెల్వా మెట్టు వైపు చూసింది. మోకాళ్ళు ఎట్లాగో వంగుతాయి. మనసు వంగలేదు. ఈ ఇంట్లో, ఈ మెట్టు మీద తను కూర్చోలేదు. కూర్చుంటే ఆ శనివారాలన్నీ వెనక్కెళ్ళి మెట్టు మీదే కూర్చుంటాయి.

క్లేర్ వచ్చేసరికి లిండెల్వా మర్టిల్ బట్టలు సర్దుతోంది.

"మా ఇంటికి తీసుకెళ్తా," అంది.

"కిందకా? అక్కడ డాక్టరు..."

"రోడ్డు మీద క్లినిక్ ఉంది."

"మీకు నేనేం ఏర్పాటు చెయ్యమంటారు?"

"రెండు మందపాటి దుప్పట్లు పంపించు. మాది చలిల్లు."

క్లేర్ కన్నీళ్ళతో ఒప్పుకుంది. జోయినీ సంగతి లిండెల్వా అప్పుడు కూడా చెప్పలేదు.

లోయలో కబురు గాలికంటే ముందే చేరింది. "లిండెల్వాకి తెల్లకోడలొచ్చిందట!" అని కుళాయి దగ్గర ఒకటే నవ్వులు. "కోడలైతే పొద్దున్నే లేచి పొయ్యి రాజేస్తోందా మారదేబే?" అని పక్కింటావిడ గోడమీంచి అడిగింది. లోయలో లిండెల్వాని పుట్టింటి వంశం పేరుతో మారదేబే అనే పిలుస్తారు.

"ఎక్కడ! పొయ్యి నేనే రాజేస్తున్నా. ఈ కాలం కోడళ్ళు అట్లాగే ఉన్నారు," అంది లిండెల్వా.

జిఖోనా మాత్రం నవ్వలేదు. "తెల్లవాళ్ళు మనల్ని ఇంటి వెనక పనివాళ్ళ గదుల్లో పడుకోబెట్టారు. నువ్వేమో నీ మంచం ఇచ్చావు. కాళ్ళు పిసకమని మాత్రం నన్నడక్కు," అంది.

"నిన్నెవరడిగారు?"

ముంగిట్లో ఎండలో లిండెల్వా తన చాప పరిచింది. పొడిపొడిగా వండిన మొక్కజొన్న సంకటిలో పుల్లపెరుగు పోసి, ఒకే పళ్ళెం మధ్యలో పెట్టుకుని, మర్టిల్ ఎదురుగా కూర్చుంది. తన ఇల్లు, తన చాప. ఇక్కడ కింద కూర్చోవడం కింద కూర్చోవడం కాదు. మర్టిల్ పళ్ళెం వైపు చూసి, చుట్టూ చూసి, "అమ్మ?" అంది గుసగుసగా.

"ఊళ్ళో లేదు."

అంతే. మూడు రోజుల ఆకలితో వేళ్ళు నాకుతూ తింది.

అయితే సుఖపడ్డారని చెప్పడానికి లేదు. పొద్దువాలేసరికి మర్టిల్‌కి దిగులు పట్టుకునేది. తను జోయినీ అనుకునే లిండెల్వా ఎదురుగా ఉండగానే జోయినీ కోసం వెతికేది. ఒకసారి గేటు తీసుకుని బస్సు ఆగే చోటుదాకా పోయి, వచ్చేపోయే ప్రతి ఆడదాన్నీ జోయినీ అని పిలుస్తూ నిలబడింది. ఇంకోసారి లిండెల్వా క్లినిక్‌కి పోయినప్పుడు పక్క పాడుచేసుకుంది. లిండెల్వా వచ్చేసరికి జిఖోనా పెదాలు బిగించి, బకెట్టు పక్కన పెట్టుకుని ఆమె ఒళ్ళు తుడుస్తోంది. "ఏం చూస్తావు? వాసన భరించలేక," అంది.

లిండెల్వా తన పంతం వదల్లేదు. కాస్త తేటగా ఉన్న పూట చూసి అడిగేది.

"నీకు లిండెల్వా గుర్తుందా?"

మర్టిల్ మర్యాదగా ఆలోచించేది. "లిండెల్వా... మంచి పేరు. ఎవరి పిల్ల?"

"కింద లోయలో ఉండేది. మట్టిగుర్రాలు తెచ్చేది."

"నాకు గుర్రాలంటే ఇష్టం," అనేది మర్టిల్.

ఇంకోనాడు అడిగినా అంతే. ఆ పేరు ఆమెకి ప్రతిసారీ కొత్త. చలికాలమంతా లిండెల్వా ఒక్క పిలుపు కోసం చూసింది. అది రాలేదు.

చలికాలం చివర, ఆగస్టు గాలులు మొదలైన రోజుల్లో, మధ్యాహ్నం ఎండలో చాప మీద పడుకున్న మర్టిల్ మరి లేవలేదు. పక్కనే కూర్చుని బీన్స్ ఒలుస్తున్న లిండెల్వా, నిద్రపోతోందనుకుని దుప్పటి కూడా కప్పింది. ఎంతసేపటికీ కదలకపోతే చెయ్యి పట్టుకుని చూసింది. ఆ తర్వాత పక్కింటావిడని పిలిచింది. ఆడవాళ్ళు వచ్చి ఇంటి ఆడపడుచుకి పాడినట్టే పాడారు.

పూడ్చింది మాత్రం పైన, అడవి అంచున. ఊరంతా వచ్చింది, చెప్పుల్లేని కాళ్ళతో, రంగురంగుల శాలువాలతో. ముసలివాళ్ళైపోయిన ఆనాటి జడల మగవాళ్ళు గిటారు వాయించారు. లిండెల్వా తన చర్చి బట్టల్లో, ఎర్ర రవికె, తెల్ల కాలరు, జిఖోనా పక్కన నిలబడింది. చాలామంది ఆమె చెయ్యి పట్టుకుని, "ఎన్ని శనివారాలు!" అన్నారు. కొత్తవాళ్ళకి ఆమె ఎవరో తెలియదు.

క్లేర్ మాట్లాడింది. మేనత్త గురించి బాగానే చెప్పింది. చివర్లో, "ఆఖరి రోజుల్లో అత్తయ్యని ఎంతో ఓపికగా చూసుకున్న మనిషి లిండెల్వా. ఇంత నమ్మకమైన ఆయా దొరకడం మా అదృష్టం," అంది. మంచి మనసుతోనే అంది.

జిఖోనా చెయ్యి లిండెల్వా మోచేతిని గట్టిగా పట్టుకుంది.

లిండెల్వా ముందుకొచ్చింది. ముందు ఖోసాలో చెప్పింది, తర్వాత తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది.

"నేను ఆయాని కాదు. మర్టిల్‌ని పెంచిన ఆయా పేరు జోయినీ. చిన్నప్పుడు ఈవిడ పక్కన బల్ల దగ్గర కూర్చున్నందుకు ఆమెని ఇంట్లోంచి పంపేశారు. ఈవిడ చనిపోయేదాకా ఆమెనే పిలిచింది. ఆ పేరు ఇక్కడ ఒకళ్ళు చెప్పాలి కాబట్టి చెప్తున్నా. నా పేరు లిండెల్వా. నేను మర్టిల్ స్నేహితురాల్ని."

క్లేర్ మొహం ఎర్రబడింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గిటారు వాయించే ముసలాయన టోపీ తీసి నిలబడ్డాడు. అడవిలో చిలకలు అరుస్తూ పోయాయి.

పక్కూరి వాళ్ళ వ్యాను వెనక కూర్చుని తల్లీకూతుళ్ళు కొండ దిగారు. మలుపుల్లో వ్యాను ఊగుతుంటే జిఖోనా తల్లి భుజం పట్టుకుని ఉంది. అడవి దాటాక అడిగింది.

"అమ్మా, అది నిజమేనా?"

"ఏది? జోయినీ సంగతా?"

"కాదు. స్నేహితురాలన్నది."

లిండెల్వా తలగుడ్డ గాలికి ఎగరకుండా చేత్తో పట్టుకుంది.

"ఆవిడ సంగతి నాకు తెలీదే. నా సంగతి చెప్పా."

ఇంటికెళ్ళాక లిండెల్వా బట్టలు మార్చుకుని, పెరట్లో ఆరేసిన రెండు మందపాటి దుప్పట్లూ తీసి మడతపెట్టింది. క్లేర్‌కి తిరిగి పంపాలా వద్దా అని కాసేపు నిలబడి ఆలోచించి, తన మంచం మీద పరుచుకుంది.